ఎనిమిది డాకర్ వెర్షన్ల మీద ఒకే టెస్ట్ సూట్: ఒక వాల్యూమ్ పోయాక మేం చేసుకున్న ఏర్పాటు

రాత్రి పూట నడిచే మా క్లీనప్ జాబ్ ఒక కస్టమర్ సర్వర్‌లో డేటాబేస్ వాల్యూమ్‌ను చెరిపేసింది. డాకర్ ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడుపుతుంది, కంటైనర్ పోయినా మిగలాల్సిన డేటా ఉండే చోటే వాల్యూమ్. ఆ కస్టమర్ వాళ్లు మెయింటెనెన్స్ కోసం సాయంత్రం కంపోజ్ డౌన్ చేసి, అంటే కంటైనర్లన్నిటినీ ఆపి తీసేసి, పొద్దున మళ్లీ లేపుదామని వదిలేశారు. కంటైనర్ లేదు కాబట్టి ఆ వాల్యూమ్‌ను ఆ సమయంలో ఎవరూ వాడటం లేదు. మా టూల్ వచ్చింది, వాడకంలో లేనివి తీసేయమని డాకర్ ఇంజిన్‌కు (కంటైనర్లను నడిపే అసలు ప్రోగ్రాముకు) చెప్పింది, అది తీసేసింది. ముందు రోజు డంప్ (బ్యాకప్ కాపీ) ఉండబట్టి బతికాం గానీ, ఆ రోజు పని మొత్తం వాళ్లు చేత్తో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. అది పూర్తిగా మా తప్పే.

మా టూల్ చేసే పని చిన్నదే. సర్వర్‌లో ఏజెంట్‌లా ఉండి, డాకర్ సాకెట్ అనే ప్రత్యేక ఫైల్ ద్వారా ఇంజిన్‌తో మాట్లాడుతుంది. ఆగిపోయి చాలా రోజులైన కంటైనర్లను, ఎవరూ వాడని ఇమేజ్‌లను (కంటైనర్లకు మూసలను), పేరు లేని వాల్యూమ్‌లను తీసేసి, ఎంత డిస్క్ ఖాళీ అయిందో రిపోర్ట్ పంపుతుంది. గో భాషలో రాశాం. అప్పట్లో మా అందరి లాప్‌టాప్‌లలో డాకర్ 24.0 ఉండేది, సీఐ రన్నర్‌లోనూ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే మెషీన్‌లోనూ) అదే. వాడకంలో లేనివి తీసేయమనే వాల్యూమ్ ప్రూన్ కాల్ పేరు లేని వాల్యూమ్‌లనే తీస్తుందని మేం టెస్ట్ రాసి మరీ చూసుకున్నాం, పాస్ అయింది. కస్టమర్ దగ్గర ఉన్నది 20.10. అందులో అదే ప్రూన్ కాల్, పేరు ఉన్నా లేకపోయినా వాడకంలో లేని ప్రతి లోకల్ వాల్యూమ్‌నూ తీసేస్తుంది. ఈ ప్రవర్తన 23.0తో, అంటే ఏపీఐ (ఇంజిన్‌తో మాట్లాడే పద్ధతి) 1.42తో మారింది, చేంజ్‌లాగ్‌లో స్పష్టంగా రాసి ఉంది. మేం చదవలేదు.

మరుసటి రోజే ప్రూన్ కాల్‌ను కోడ్‌లోంచి తీసేశాం. ఇప్పుడు వాల్యూమ్‌ల లిస్ట్ తెచ్చుకుని, మా సొంత లేబుల్ ఉన్నవాటిని మాత్రమే ఒక్కొక్కటిగా తొలగిస్తాం. పేరు లేని వాల్యూమ్ అని గుర్తించడానికి డాకర్ పెట్టే లేబుల్ పాత ఇంజిన్లలో ఉండదు, 64 అక్షరాల హెక్స్ పేరు చూసి ఊహించడం ఇలాంటి పనికి సరిపోదు. అదే వారం ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాం, అన్ని ఇంజిన్లూ ఒకేలా ప్రవర్తించాలని క్లయింట్‌ను (మా టూల్‌లో ఇంజిన్‌తో మాట్లాడే భాగాన్ని) ఏపీఐ 1.41కి పిన్ చేశాం, అంటే ఎప్పుడూ ఆ వెర్షనే అడిగేలా కట్టేశాం. అప్పుడు అది చాలా తెలివైన పనిలా అనిపించింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు ప్రశ్న ఏంటంటే, కస్టమర్ల దగ్గర ఉన్న ప్రతి ఇంజిన్ వెర్షన్ మీద మా టెస్టులు రోజూ నడవాలంటే ఎలా. మొదట వర్చువల్ మెషీన్లు ఆలోచించాం. ఒక్కో వెర్షన్‌కు ఒక్కో మెషీన్ ఇమేజ్ తయారు చేసుకోవాలి, వాటిని అప్‌డేట్ చేస్తూ ఉండాలి, బూట్ అయ్యే దాకా ఆగాలి. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ (కోడ్‌లో చేర్చమని పంపే ప్రతి మార్పుకూ) ఇంతసేపు అంటే ఎవరూ ఓపిక పట్టరు, నాలుగు రోజులయ్యాక టెస్టులను స్కిప్ చేయడం మొదలవుతుంది. అందుకే డాకర్-ఇన్-డాకర్ వైపు, అంటే డాకర్ కంటైనర్ లోపల ఇంకో డాకర్ నడపడం వైపు వెళ్లాం, మేం డిండ్ అని పిలుస్తాం. అధికారిక డాకర్ ఇమేజ్‌లోనే ప్రతి వెర్షన్‌కూ డిండ్ ట్యాగ్ ఉంటుంది, ప్రివిలేజ్డ్ ఫ్లాగ్‌తో లేపితే లోపల ఆ వెర్షన్ డీమన్ (వెనక నడుస్తూ ఉండే ఇంజిన్) కొన్ని సెకన్లలో సిద్ధం. దీన్ని మొదట తయారు చేసిన జెరోమ్ పెటజ్జోనీయే 2015లో, సీఐ కోసం దీన్ని వాడే ముందు రెండుసార్లు ఆలోచించమని రాశారు. ఆయన చెప్పిన కారణాలు నిజమైనవే, కానీ సీఐలో ఇమేజ్ బిల్డ్ చేయడానికి డిండ్ వాడటం వేరు, ఇంజిన్‌నే పరీక్షకు పెట్టడం వేరు. రెండోదానికి ఇంతకంటే సులువైన దారి నాకు కనపడలేదు.

సాకెట్ విషయంలో ఒక రోజు పోయింది. డిండ్ ఇమేజ్ 19.03 నుంచి టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తోనే లేస్తుంది, సర్టిఫికెట్లు తనే తయారు చేసుకుని 2376 పోర్ట్ మీద వింటుంది. టీఎల్ఎస్ ఆపేసి 2375 వాడితే, డీమన్ హెచ్చరిక ఇచ్చి కావాలనే ఆలస్యంగా లేస్తుంది. మేం టీసీపీయే, అంటే నెట్‌వర్క్ పోర్ట్ ద్వారా మాట్లాడటమే వద్దనుకున్నాం. డిండ్‌కూ టెస్ట్ కంటైనర్‌కూ ఒకే వాల్యూమ్ మౌంట్ చేసి, సాకెట్ ఫైల్‌ను అందులో పెట్టించాం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫ్లాగులు మాత్రమే ఇస్తే, కంటైనర్ లేవగానే నడిచే ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ తన డిఫాల్ట్ హోస్టులను కూడా కలుపుతుంది, డీమన్ పేరుతో సహా పూర్తి కమాండ్ ఇస్తే మనం చెప్పింది మాత్రమే నడుస్తుంది. బయటి ఫోల్డర్‌ను కంటైనర్‌లో చూపే బైండ్ మౌంట్ టెస్టులు వెంటనే ఫెయిల్ అయ్యాయి, ఎందుకంటే లోపలి ఇంజిన్‌కు పాత్ అంటే డిండ్ కంటైనర్‌లోని పాత్, టెస్ట్ నడిచే చోటిది కాదు. ఫైల్ ఉండాల్సిన చోట ఖాళీ డైరెక్టరీ కనిపిస్తుంది, ఎర్రర్ కూడా సరిగ్గా రాదు. వర్క్ డైరెక్టరీని రెండు కంటైనర్లలో ఒకే పాత్‌కు మౌంట్ చేశాక సరిపోయింది.

డీమన్ లేచిందా లేదా అన్నదానికి మొదట పది సెకన్ల స్లీప్ పెట్టాం. రన్నర్ బిజీగా ఉన్న రోజు అది చాలదు, ఖాళీగా ఉన్న రోజు వృథా. ఇప్పుడు పింగ్ ఎండ్‌పాయింట్‌ను పదే పదే అడుగుతాం, నిమిషంలోపు జవాబు రాకపోతే డీమన్ లాగ్ మొత్తం ప్రింట్ చేసి జాబ్‌ను ఫెయిల్ చేస్తాం. లాగ్ ప్రింట్ చేయడం అనే ఆ చిన్న పని లేకపోతే 19.03 సంగతి మాకు అర్థమయ్యేదే కాదు. అది అసలు లేవలేదు. డివైసెస్ సీగ్రూప్ (ప్రాసెస్‌లకు వనరులు పంచే కెర్నల్ ఏర్పాటు) మౌంట్ కాలేదని లాగ్‌లో ఉంది. మా రన్నర్‌లో ఉన్నది సీగ్రూప్ వెర్షన్ 2 మాత్రమే, దానికి సపోర్ట్ వచ్చిందే 20.10లో. డిండ్‌లో ఇంజిన్ మారుతుంది గానీ కెర్నల్ హోస్ట్‌దే. 19.03 కోసం సీగ్రూప్ వెర్షన్ 1తో బూట్ అయ్యే వర్చువల్ మెషీన్ ఒకటి వారానికోసారి నడిపాం, ఆ వెర్షన్ వాడే చివరి కస్టమర్ మారగానే దాన్ని ఆపేశాం.

ఇంత చేశాక మొదటిసారి అన్ని వెర్షన్లూ పచ్చగా వచ్చాయి. ఆ సాయంత్రం చాలా సంతోషపడ్డాం. రెండు రోజుల తర్వాత మా టీమ్‌లో ఒకామెకు అనుమానం వచ్చింది, 20.10 మీద ఫెయిల్ కావాల్సిన ఒక టెస్ట్ ఎందుకు పాస్ అవుతోందని. చూస్తే, డాకర్ హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ టెస్ట్ ప్రాసెస్‌కు చేరడం లేదు. అది లేకపోతే క్లయింట్ డిఫాల్ట్ సాకెట్‌కు వెళ్తుంది, మా టెస్ట్ కంటైనర్‌లో ఆ డిఫాల్ట్ సాకెట్ అంటే రన్నర్ హోస్ట్‌ది. అంటే అన్ని కాలమ్‌లూ (ఒక్కో ఇంజిన్ వెర్షన్‌కు ఒక్కో కాలమ్) ఒకే ఇంజిన్ మీద నడిచాయి, పైగా తొలగించే టెస్టులన్నీ హోస్ట్ ఇంజిన్ మీద నడిచాయి. అప్పటి నుంచి ప్రతి జాబ్‌లో మొట్టమొదటి టెస్ట్ ఒకటే: ఇంజిన్‌ను వెర్షన్ అడుగు, ఈ కాలమ్‌లో ఉండాల్సిన వెర్షన్ అదే కాకపోతే ఇంకేదీ నడపకుండా ఆగిపో. హోస్ట్ సాకెట్‌ను టెస్ట్ కంటైనర్‌కు మౌంట్ చేయడం కూడా పూర్తిగా మానేశాం. ఇలాంటి వెర్షన్ల మ్యాట్రిక్స్ మీరు కడుతుంటే ఈ ఒక్క టెస్ట్ ముందు రాసి, తర్వాత మిగతా పని మొదలుపెట్టండి.

ఇమేజ్‌ల దగ్గర ఇంకో చిక్కు. ప్రతి లోపలి ఇంజిన్ ఖాళీగా పుడుతుంది, ప్రతిసారీ టెస్ట్ ఇమేజ్‌లను రిజిస్ట్రీ (ఇమేజ్‌ల గోదాం) నుంచి తెచ్చుకోవాలి. అలాంటి రిజిస్ట్రీ అయిన డాకర్ హబ్‌లో 2020 నవంబర్ నుంచి పుల్స్‌కు (డౌన్‌లోడ్‌లకు) పరిమితి ఉంది, ఎనిమిది కాలమ్‌లు, ఒక్కో దాంట్లో నాలుగైదు ఇమేజ్‌లు, రోజుకు ఎన్నో పుల్ రిక్వెస్టులు అంటే అది ఎంతోసేపు ఆగదు. ఒక్కసారి తెచ్చి టార్ ఫైల్‌గా సేవ్ చేసుకుని, రన్నర్ క్యాష్‌లో పెట్టి, ప్రతి ఇంజిన్‌లోకి లోడ్ చేస్తున్నాం. 25.0 నుంచి సేవ్ చేసే టార్ ఓసీఐ అనే ప్రామాణిక లేఅవుట్‌లోకి మారింది, పాత ఇంజిన్ల కోసం పాత మ్యానిఫెస్ట్ ఫైల్ కూడా అందులో ఉంటుంది. అయినా మేం మా దగ్గరున్న అతి పాత ఇంజిన్‌తోనే సేవ్ చేస్తాం, ఎలాంటి టెన్షన్ ఉండదు.

డిస్క్ కూడా చూసుకోవాలి. డిండ్ ఇమేజ్ తన డేటా డైరెక్టరీని వాల్యూమ్‌గా ప్రకటిస్తుంది, కంటైనర్‌ను తీసేటప్పుడు వాల్యూమ్‌లు కూడా తీయమని చెప్పకపోతే ప్రతి రన్‌కూ ఒక పేరు లేని వాల్యూమ్ మిగిలిపోతుంది. మా సొంత రన్నర్‌లో డిస్క్ నిండిపోయాక గానీ ఇది గమనించలేదు.

20.10 గురించి ఒక మాట. అది ఒక వెర్షన్ అనుకుంటే పొరపాటు. ఒక కస్టమర్ దగ్గర 20.10.7 ఉండేది, మా మ్యాట్రిక్స్‌లో 20.10.24 ఉండేది, ఇక్కడ అంతా పాస్, అక్కడ మాత్రం కొత్త గ్లిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) ఉన్న మా హెల్పర్ ఇమేజ్ థ్రెడ్ సృష్టించలేక పడిపోయేది. కారణం సెక్‌కాంప్ ప్రొఫైల్, అంటే కంటైనర్ ఏ సిస్టమ్ కాల్స్ చేయొచ్చో చెప్పే జాబితా. క్లోన్3 అనే సిస్టమ్ కాల్ పాత ప్రొఫైల్‌కు తెలియదు, తెలియనిదానికి అనుమతి లేదు అని జవాబిస్తుంది. అలాంటి కాల్ లేదు అని చెప్తే గ్లిబ్‌సీ పాత పద్ధతికి వెళ్లిపోతుంది, అనుమతి లేదంటే అక్కడే ఆగిపోతుంది. 20.10.10లో ఆ జవాబును మార్చారు. అందుకే ఆ సిరీస్‌కు మాత్రం రెండు కాలమ్‌లు, ఆ మార్పుకు ముందుదొకటి, చివరిదొకటి.

ఇప్పుడు పిన్ సంగతి. ఏపీఐ 1.41కి పిన్ చేశామని చెప్పాను కదా. ఆ తర్వాత 25.0 వచ్చింది, 26, 27, 28 వచ్చాయి, ప్రతిదాన్నీ మ్యాట్రిక్స్‌లో చేర్చాం, చేర్చిన రోజే పాస్ అయ్యేది. ఇంత సాఫీగా సాగడం మాకు గర్వంగా ఉండేది. నిజానికి మేం పరీక్షిస్తున్నది ఏంటి? ఇంజిన్ ఏదైనా, మేం 1.41 అని అడుగుతున్నాం కాబట్టి ప్రతి ఇంజిన్ 1.41 నాటి పాత ముఖాన్నే చూపిస్తోంది. ఏపీఐ వెర్షన్‌ను బట్టి పాత ప్రవర్తనను కాపాడటం డీమన్ తన బాధ్యతగా పెట్టుకుంది, ఆ పని బాగా చేస్తుంది కూడా. ఇంజిన్ వెర్షన్, ఏపీఐ వెర్షన్ రెండు వేర్వేరు గీతలు. మేం ఒక గీతను కదుపుతూ రెండోదానికి మేకు కొట్టేశాం.

2025 నవంబర్‌లో 29.0 వచ్చింది. కాలమ్ చేర్చగానే వెర్షన్ టెస్ట్ దగ్గరే ఎర్రగా మారింది. క్లయింట్ వెర్షన్ 1.41 మరీ పాతది, కనీసం 1.44 కావాలని ఎర్రర్. సరే, 1.44కి మారుద్దాం అనుకుంటే, 20.10 గరిష్ఠంగా 1.41 దాకానే మాట్లాడుతుంది, 23.0 1.42 దాకా, 24.0 1.43 దాకా. అంటే 20.10నూ 29.0నూ ఒకే పిన్‌తో సపోర్ట్ చేయడం అసలు కుదరదు, అలాంటి నంబరే లేదు. డీమన్ వైపు కనీస వెర్షన్‌ను తగ్గించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, కానీ ఒక క్లీనప్ టూల్ కోసం ఇంజిన్ సెట్టింగ్ మార్చండి అని కస్టమర్లను అడగడం నాకు ఇష్టం లేదు. నెగోషియేషన్‌కు మారాం: క్లయింట్ పింగ్ చేసి, తనకు తెలిసిన గరిష్ఠ వెర్షన్, ఇంజిన్ గరిష్ఠ వెర్షన్, ఈ రెండిట్లో చిన్నదాన్ని ఎంచుకుంటుంది.

పిన్ తీసేసిన రోజు మా రిపోర్ట్‌లో ఖాళీ అయ్యే స్థలం సున్నా అని వచ్చింది. 25.0 నుంచి పైన అన్నిటిలోనూ. మేం ఇమేజ్ సైజ్‌ను వర్చువల్‌సైజ్ అనే ఫీల్డ్ నుంచి తీసుకునేవాళ్లం. ఏపీఐ 1.44 నుంచి జవాబులో ఆ ఫీల్డ్ ఉండదు, సైజ్ ఫీల్డ్ వాడాలి. జవాబులో లేని ఫీల్డ్‌ను గోలో చదివితే ఎర్రర్ రాదు, సున్నా వస్తుంది. దారుణం ఏంటంటే ఇన్ని కాలమ్‌లలో ఒక్క టెస్ట్ కూడా దీన్ని పట్టుకోలేదు, రిపోర్ట్ వచ్చిందా, ఫార్మాట్ సరిగ్గా ఉందా అని మాత్రమే చూస్తున్నాం. నేను కళ్లతో చూసి పట్టుకున్నాను. అలాగే కంటైనర్ నెట్‌వర్క్ ఎలియాస్‌లలో దాని షార్ట్ ఐడీ ఉంటుందని ఒక చోట నమ్ముకున్నాం, 1.45 నుంచి అది అక్కడ ఉండదు, డీఎన్ఎస్ పేర్ల కోసం వేరే ఫీల్డ్ ఉంది.

అప్పుడు టెస్టులను మళ్లీ రాశాం. ఇంజిన్ ఇలా జవాబిస్తుంది అని కాకుండా, మా టూల్ కస్టమర్‌కు ఇచ్చే మాటను టెస్టుగా రాశాం. పేరున్న వాల్యూమ్ ఎప్పటికీ పోకూడదు. తెలిసిన సైజ్ ఉన్న ఇమేజ్‌ను పెడితే రిపోర్ట్‌లో అంత సైజ్, కొద్ది తేడాతో, కనిపించాలి. నడుస్తున్న కంటైనర్‌ను తాకకూడదు. వెర్షన్‌ను బట్టి ఇఫ్‌లు టెస్టుల్లో ఉండకూడదని రూల్ పెట్టుకున్నాం, తేడా ఉంటే దాన్ని టూల్ మింగాలి, టెస్ట్ కాదు.

మ్యాట్రిక్స్ కూడా మారింది. ప్రతి కాలమ్‌లో ఇంజిన్‌నే అడుగుతాం, నీ కనిష్ఠ ఏపీఐ ఎంత, గరిష్ఠం ఎంత అని. నెగోషియేట్ అయిన వెర్షన్‌తో ఒకసారి, మా టూల్, ఇంజిన్ ఇద్దరూ ఒప్పుకునే అతి తక్కువ వెర్షన్‌తో ఇంకోసారి సూట్ నడుస్తుంది. మధ్యలోవి నడపం, అంత అవసరం కనపడలేదు. ఏపీఐ వెర్షన్ టెస్ట్ పేరులోనే కనిపిస్తుంది, ఇది చాలా పనికొచ్చింది. ఎందుకంటే నెగోషియేషన్‌లో ఇంజిన్ మారకపోయినా, మా డిపెండెన్సీ బాట్ గో క్లయింట్ లైబ్రరీని అప్‌డేట్ చేస్తే చాలు, గరిష్ఠం పెరిగి అదే ఇంజిన్ మీద వేరే ఏపీఐ మాట్లాడతాం. అలాంటి అప్‌డేట్‌ను ఇదివరకు చూడకుండానే మెర్జ్ చేసేవాళ్లం. ఇంకో విషయం, 28 సిరీస్‌లోనే 28.0 ఏపీఐ 1.48 అయితే, 28.3 వచ్చేసరికి 1.51 అయింది. అందుకే పుల్ రిక్వెస్టులకు ప్యాచ్ దాకా పిన్ చేసిన ట్యాగులు వాడతాం, రాత్రి రన్‌కు కదిలే ట్యాగులు. కొత్త ప్యాచ్ వల్ల ఏదైనా విరిగితే అది రాత్రి రన్‌లో తెలియాలి, సంబంధం లేని మార్పు చేసిన మనిషి పుల్ రిక్వెస్ట్‌లో కాదు. పుల్ రిక్వెస్ట్‌లో నడిచేవి మూడు కాలమ్‌లే: అతి పాతది, అతి కొత్తది, కస్టమర్లలో ఎక్కువ మంది దగ్గరున్నది.

29 దగ్గర ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది మిస్ అవుతారనుకుంటా. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన 29లో కంటైనర్‌డీ (డాకర్ కింద కంటైనర్లను నడిపే భాగం) ఇమేజ్ స్టోర్ డిఫాల్ట్. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసిన సర్వర్‌లో మాత్రం పాత స్టోరేజ్ డ్రైవరే కొనసాగుతుంది. కంటైనర్‌డీ స్టోర్‌లో ఇమేజ్ ఐడీ లెక్కే వేరు, కాన్ఫిగ్ డైజెస్ట్ (హ్యాష్) కాకుండా మ్యానిఫెస్ట్ వైపు డైజెస్ట్ వస్తుంది, ఐడీలు గుర్తుపెట్టుకునే మా క్యాష్ అక్కడే తడబడింది. డిండ్ ఎప్పుడూ ఖాళీ డిస్క్‌తో లేస్తుంది, అంటే ఎప్పుడూ కొత్త ఇన్‌స్టాలే. మా కస్టమర్లలో దాదాపు ఎవరూ అలా లేరు, అందరూ అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్లే. ఫీచర్ ఫ్లాగ్‌తో కంటైనర్‌డీ స్టోర్‌ను ఆపి ఒక కాలమ్ పెట్టడం సులువు, అది చేశాం. కానీ నాకు నచ్చింది దానికంటే అప్‌గ్రేడ్ టెస్ట్. ఒక పేరున్న వాల్యూమ్‌ను డేటా డైరెక్టరీగా ఇచ్చి 28ని లేపుతాం, అందులో ఇమేజ్‌లు, ఆగిన కంటైనర్లు, వాల్యూమ్‌లు పెడతాం, డీమన్‌ను మామూలుగా ఆపుతాం, అదే వాల్యూమ్ మీద 29ని లేపి, అప్పుడు మా టూల్‌ను నడుపుతాం. రాయడానికి అర పూట పట్టింది. నిజమైన సర్వర్‌కు ఇంత దగ్గరగా ఉన్న టెస్ట్ మా దగ్గర ఇంకోటి లేదు.

డిండ్‌తో తేలనివి ఇంకా ఉన్నాయి. కెర్నల్ ఒక్కటే, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఉండదు, డిస్ట్రో వాళ్లు కట్టే ప్యాకేజీలు ఇందులోకి రావు, నెట్‌వర్క్ చిరునామాలు కూడా మామూలు సర్వర్‌లా ఉండవు. మా డిండ్‌లలో బయటి బ్రిడ్జ్ (డాకర్ వర్చువల్ నెట్‌వర్క్) 172.17 చిరునామాలను ముందే ఆక్రమించింది కాబట్టి లోపలి డీమన్ వేరే రేంజ్‌కు వెళ్లిపోతుంది. ఆ నంబర్‌ను కోడ్‌లో రాసుకున్న రెండు టెస్టులు అలాగే బయటపడ్డాయి. వీటికోసం వారానికోసారి నడిచే రెండు వర్చువల్ మెషీన్లు ఉన్నాయి, అవి నెమ్మదిగానే నడుస్తాయి, నడవనివ్వండి.

పోయిన నెల 20.10 కాలమ్‌లు తీసేద్దామా అని చర్చ వచ్చింది. 2023 డిసెంబర్‌లోనే దానికి సపోర్ట్ ఆగిపోయింది, రెండు కాలమ్‌ల సమయం ఆదా అవుతుంది, పాత ఫీల్డుల కోసం ఉంచిన కోడ్ కూడా పోతుంది. వాదన సరైనదే. ఏజెంట్లు పంపే వెర్షన్ల లిస్ట్ తీసి చూశాం. వాల్యూమ్ పోగొట్టుకున్న కస్టమర్ ఇప్పటికీ 20.10 మీదే ఉన్నారు. రెండు కాలమ్‌లూ అలాగే ఉంచాం.